కూర్చుంటే ఒప్పుకున్నట్టే

ఏడో తరగతిని నేను రెండుసార్లు చదివాను. మూడోసారి ఏడో తరగతే నన్ను చదివి చూసి, ఇందులో సరుకేమీ లేదని బయటికి పంపేసింది. అలాంటివాణ్ని దుబాయ్‌లో ఒక నెట్‌వర్కింగ్ టెక్నాలజీ కంపెనీకి వాటాదారుణ్ని చేశారంటే ఆ కంపెనీ ఎంత ఇరకాటంలో ఉండిందో మీరే ఊహించుకోండి.

ఆ కంపెనీ దుబాయ్ పాత బజారైన నైఫ్‌లో ఉండేది, సూట్‌కేసులు అమ్మే దుకాణం పైన. రెండు గదుల ఫ్లాటు. లోపలి గదిలో మంచాల మీద మంచాలు, బయటి గదిలో కంపెనీ. ఆ బయటి గది పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం భోజనశాల, సాయంత్రం బట్టలు ఆరేసుకునే చోటు. కస్టమర్ ఎవరైనా వస్తున్నాడని ఫోన్ రాగానే తాడు మీది లుంగీలు లాగి మంచాల కింద కుక్కడం నా డ్యూటీ. విజిటింగ్ కార్డు మీద మాత్రం 'సీనియర్ టెక్నీషియన్' అని వేయించుకున్నాను. మరి జూనియర్ ఎవరని అడిగినవాళ్లకు, ఇంకా పుట్టలేదని చెప్పేవాణ్ని.

మా సార్‌ది నెల్లూరు. బాగా చదువుకున్న ఇంజినీరు. మంచి ఉద్యోగం వదిలేసి, హోటళ్లకు ఇంటర్నెట్ పెట్టే పెట్టె ఒకటి తనే తయారుచేశాడు. హోటల్లో దిగినవాడికి రిసెప్షన్‌లో చిన్న చీటీ ఇస్తారు. దాని మీది నంబరు ల్యాప్‌టాప్‌లో కొడితే గదిలో ఇంటర్నెట్ వస్తుంది. ఇప్పుడు చెబితే ఇదీ ఒక విద్యేనా అంటారు. ఆ రోజుల్లో ఆ పెట్టె మీద పచ్చ లైటు వెలిగితే, మొదటి అడుగు వేసిన బిడ్డను చూసినట్టు చూసేవాడు సార్.

పెట్టె సార్‌ది. ఆ పెట్టె దాకా కేబుల్ లాగే పని భాయ్‌ది, నాది. భాయ్‌ది రాయచోటి, నాది రాజంపేట పక్కన ఒక పల్లె. నేను దుబాయ్‌లో దిగేనాటికే ఆయన తల సగం నెరిసి ఉంది. ఫాల్స్ సీలింగ్ పైన బోర్లా పాకడం, దుమ్ములో తుమ్ము ఆపుకోవడం, సైటు ముదీర్, అంటే మేనేజరు, అరుస్తుంటే తల ఊపుతూనే పని ఆపకుండా ఉండడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సీలింగ్‌కి ఆ చివర ఆయన, ఈ చివర నేను. ఇద్దరి మధ్య కేబుల్ ఒకటి, నా వాగుడు ఒకటి. కేబుల్‌కైనా చివర ఉంటుంది కదరా అనేవాడు. రోజంతా ఆయన నోటి నుంచి వచ్చే మాటలు దాదాపు అవే.

వాటాల సంగతి ఇలా జరిగింది. ఒక పెద్ద హోటల్ ఆర్డర్ వచ్చినప్పుడు సామాను కొనడానికి సార్ దగ్గర ఏమీ మిగల్లేదు. అప్పిస్తామని చూడ్డానికొచ్చిన బ్యాంకు మనిషి తాడు మీది లుంగీలు చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆ పూట నేను సైటులో ఉన్నాను, లేకపోతే కంపెనీ చరిత్రే వేరుగా ఉండేది. అప్పుడు అందరం చేతిలో ఉన్నది పెట్టాం. మా లెక్కలు చూసే ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ఆయనా పెట్టాడు. ఆయనకు అపెండిక్స్ ఆపరేషన్ అయిన ఆసుపత్రిలో ఒక నర్సు ఉండేది, కాకినాడ దగ్గరి ఆవిడ. మత్తు దిగుతూ ఈయన తెలుగులో తిట్లు తిడుతుంటే, ఎన్నాళ్లకు విన్నానండీ ఈ మాటలు అని ఆవిడే మంచం దగ్గరికి వచ్చి నిలబడిందట. ఆనాటి నుంచి మా అందరికీ అక్క అయింది. భాయ్ ఒక్కడే ఆవిడను 'బిడ్డా' అని పిలిచేవాడు. అక్క కూడా తన వంతు పెట్టింది.

అలా సార్, లెక్కలాయన, అక్క, భాయ్, నేను, ఐదుగురం వాటాదారులమయ్యాం. లైసెన్సు మాత్రం మాకు పూచీగా ఉండే కఫీల్ పేరు మీద. ఆయన ఏడాదికోసారి వచ్చి, టీ తాగి, సంతకం పెట్టి, మా గదిలో మసాలా వాసన ఎక్కువని చెప్పి వెళ్లిపోయే అరబ్ పెద్దమనిషి. ఐదుగురిలో ఏ ఒక్కరు కాదన్నా కంపెనీని అమ్మడానికి వీల్లేదని టైపింగ్ సెంటర్లో అగ్రిమెంటు కొట్టించుకున్నాం. అమ్మే రోజు ఒకటి వస్తుందని అప్పుడు మాలో ఎవరికీ అనిపించలేదు. కొనేవాడు ఒకడుండాలి కదా.

అయితే ఆ కాగితం కంటే ముందునుంచీ మాకు ఒక పద్ధతి ఉంది. సుఫ్రా అని, పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్టలుగా దొరుకుతుంది. ఒక ముక్క చింపి నేల మీద పరిచి, పెద్ద పళ్లెంలో అన్నం మధ్యలో పెట్టుకుని, చుట్టూ కూర్చుని తింటాం. మా గదిలో రూలు ఏమిటంటే, గదితో పేచీ ఉన్నవాడు సుఫ్రా దగ్గర కూర్చోడు. వాడు కూర్చునేదాకా మిగతావాళ్లు ముద్ద ఎత్తరు. వచ్చి కూర్చున్నాడంటే ఒప్పుకున్నట్టే, ఖలాస్, ఇక ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. ఏసీ ఎంతలో పెట్టాలన్న గొడవ దగ్గర పుట్టిన పద్ధతి, పోనుపోను కంపెనీ వ్యవహారాల దాకా వచ్చింది. సార్ ఒకసారి ఆఫీసును బర్ దుబాయ్‌కి మారుద్దామన్నాడు. అక్కడి అద్దె వినగానే లెక్కలాయన బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాడు.

“అన్నా, చేపల పులుసు నిన్ను పిలుస్తాంది” అన్నాను.

“పులుసునే అడుగు, బర్ దుబాయ్ కిరాయి అది కడ్తదేమో. కడ్తనంటే ఇప్పుడే వచ్చి కూసుంట.”

పులుసు మీద నూనె గడ్డకట్టింది. సార్ ఓడిపోయాడు. మేం నైఫ్‌లోనే ఉండిపోయాం. పెద్ద కంపెనీల్లో చేతులెత్తి ఓటేస్తారట. మేం కాళ్లు మడిచి వేసేవాళ్లం.

శుక్రవారం సెలవు. ఆ రోజు భాయ్ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మధ్యాహ్నం నమాజు, భోజనం అయ్యాక అజ్మాన్ బస్సెక్కేవాడు. ఆయన భార్య అక్కడ ఒక విల్లాలో వంటమనిషి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒకే దేశంలో, బస్సు దూరంలో, వేర్వేరు కఫీళ్ల కింద. ఆ ఇంటి మేడం ఆవిణ్ని వారానికి ఒక్కసారి, శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు నుంచి పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు దాకా బయటికి వదిలేది. సముద్రం ఒడ్డున కార్నిష్ మీద కూర్చునేవాళ్లు. ఎండాకాలమైతే అక్కడే ఒక సూపర్ మార్కెట్లోకి దూరి, ఏమీ కొనకుండా తోపుడు బండి తోసుకుంటూ ఏసీలో తిరిగేవాళ్లు.

నేను కూడా ఎన్నోసార్లు వెంట వెళ్లాను. వదిన విల్లా నుంచి ఖర్జూరాల బిస్కెట్లు తెచ్చేది, నా ఆసక్తి వాటి మీద. నా వాటా నా చేతిలో పెట్టి, “పోబ్బీ, సముద్రం యాడికన్నా పోతాదేమో చూస్తాండు” అని దూరంగా తోలేసేది. నేను రెయిలింగ్ మీద కూర్చుని సముద్రానికి కాపలా కాసేవాణ్ని. అంత దూరానికి వాళ్ల మాటలు వినపడేవి కావు. మగ్రిబ్ బాంగు వినపడగానే ఆవిడ లేచి నఖాబ్ సర్దుకుని నడిచి వెళ్లిపోయేది. ఆ నడక రోడ్డు మలుపు తిరిగేదాకా భాయ్ బెంచీ మీద నుంచి లేచేవాడు కాదు. తర్వాత బస్సులో నేనేం జోకు వేసినా పనిచేసేది కాదు.

రెండువేల ఏడులో దుబాయ్ అంతా క్రేన్లు. కొత్త హోటల్ తెరవని వారం లేదు. ఫ్రీ జోన్‌లోని ఒక పెద్ద కంపెనీ నుంచి టై కట్టుకున్న మనిషి ఒకడు మా ఆఫీసుకొచ్చాడు. లుంగీలు దాచేశాను. అతను కూర్చోబోయే ముందు కుర్చీని ఒకసారి చూసుకున్నాడు, అప్పుడే నాకు అర్థమైంది పెద్ద కంపెనీ అని. మా హోటళ్ల కాంట్రాక్టులు, సార్ పెట్టె, అన్నీ కలిపి కంపెనీనే కొంటామన్నాడు. సార్‌కి వాళ్ల దగ్గర మేనేజర్ ఉద్యోగం. లెక్కలాయనకు డిగ్రీ ఉంది కాబట్టి ఆయనకూ చోటు. కేబుల్ పనికి మాత్రం సర్టిఫికెట్లున్న కుర్రాళ్లు వాళ్లకు బోలెడుమంది ఉన్నారట.

అతను వెళ్లాక సార్ చాలాసేపు ఆ పచ్చ లైటు వైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఏంది సార్, అమ్మాయికి సంబంధం వచ్చినట్టు అట్లయిపోయినావు?” అన్నాను.

“సంబంధమేలే అబ్బయ్యా. బిడ్డ పోయి వాళ్లింట్లో బాగుంటుంది. ఈడ మనకే...” అని ఆపేశాడు.

ఆ వారమంతా అదే చర్చ. లెక్కలాయన అమ్మేద్దామనే చెప్పాడు. “సార్, జర సోంచాయించుండ్రి. చైనా పెట్టెలొస్తున్నయ్. రెండేండ్లు పోతే మన డబ్బాని ఫ్రీగ ఇస్తమన్నా తీసుకోరు. ఇయ్యాల అడుగుతున్నడు, ఇయ్యాలనే ఇచ్చుడు మంచిది.” కాదనడానికి ఆ మాటలో తప్పేమీ లేదు. అప్పటికే రెండు హోటళ్లు వేరేవాళ్ల పెట్టె పెట్టించుకున్నాయి. నాకూ అమ్మితేనే బాగుండుననిపించింది. నా వయసుకి ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు వీసా కొడతాడు. సర్టిఫికెట్ లేకపోయినా సీలింగ్‌లో దూరడానికి ఒళ్లు సన్నగా ఉంటే చాలు.

అక్క సంగతి వేరు. ఆవిడ కూతురు కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. భర్త పోయాక పిల్లను అక్కడ వదిలి వచ్చింది. అజ్మాన్‌లో అద్దెలు తక్కువ, ఒక చిన్న ఫ్లాటు తీసుకుంటే పిల్లను తెచ్చుకోవచ్చు. ఆ ఫ్లాటుకు ఏడాది అద్దె ముందే కట్టాలి. వాటా చేతికొస్తే అది కుదురుతుంది. “పిల్ల ఫోన్లో ఈమధ్య ఏమీ అడగట్లేదు తమ్ముడూ. ఇదివరకు అది కావాలి ఇది కావాలనేది. ఇప్పుడు అంతా బాగానే ఉందమ్మా అంటోంది. అదే నాకు భయంగా ఉంటోంది” అంది నాతో.

మిగిలింది భాయ్. కంపెనీ పోతే ఆయన వీసా పోతుంది. యాభై దాటిన, చదువు లేని మనిషికి కొత్త వీసా కొట్టేవాడు ఎవడూ లేడు. నేనూ, సార్ కూడా, తెలిసిన కంపెనీలన్నిటికీ తిరిగాం. పాస్‌పోర్టులో పుట్టిన సంవత్సరం చూసి ఎవరికి వాళ్లు టీ తాగి వెళ్లమన్నారు. కొనేవాళ్ల దగ్గర ఆయన్ని ఆఫీసు బాయ్‌గానైనా పెట్టుకొమ్మని సార్ అడిగాడు. బాయ్ అంటే మీకు తెలిసిన అర్థమేమిటని వాళ్లు నవ్వారట.

ఇంటికి పోవడం ఆయనకు కష్టమేమీ కాదు. కష్టమంతా వదినను ఇక్కడ వదిలి పోవడం. విల్లావాళ్లు ఆవిడ కాంట్రాక్టు అంతకుముందే కొత్తగా రాయించారు. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది. మేడం వాళ్ల అమ్మ మంచాన పడి ఉంది, ఆమెకు వదిన చేతి వంట తప్ప ఇంకేదీ గొంతు దిగదు. ఇప్పట్లో వదలరు.

మేం ఒక హోటల్ సీలింగ్‌లో ఉన్నప్పుడు, ఆ చివర నుంచి భాయ్ తనంత తానే మాట్లాడాడు.

“అబ్బీ, నేను కూర్చోనురా.”

“యాడ?”

“శుక్రారం. సుఫ్రా కాడ. అందరూ వస్తారంట గద తేల్చేకి. నేను కూర్చోను.”

“కూర్చోవద్దు భాయ్. నీ యిష్టం అది.”

“ఆమెకు ఆ రెండు గంటలు తప్ప ఏముందిరా ఈ దేశంలో? నేను పోతే శుక్రారం వచ్చి ఎవుని పక్కన కూర్చుంటాది?”

నేను ఏదో అనబోయాను. జోకు ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది, అక్కడే ఆపేశాను. కేబుల్ అటువైపు నుంచి లాగినట్టయింది. లాగాను.

ఆ శుక్రవారం వంట నాది. కోడికూర, అన్నం. సార్, లెక్కలాయన, నేను గదిలో ఉన్నాం. భాయ్ నమాజు నుంచి వచ్చి తిన్నగా బాల్కనీలోకి వెళ్లి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఎందుకని అడగక్కర్లేదు.

అక్క కాస్త ఆలస్యంగా వచ్చింది, డ్యూటీ బట్టల్లోనే. పైన ఒక శాలువా. రావాల్సిన నర్సు రాలేదని ముందురోజు సాయంత్రం నుంచి ఆవిణ్నే ఉంచేశారట. ఆసుపత్రిలో ఏదో పెద్ద కేసు, టీ తాగడానికి కూడా కుదరలేదంది. అయినా దారిలో ఆగి, భాయ్‌కి ఇష్టమని పెరుగు డబ్బా కొనుక్కొచ్చింది. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని కూర్చుంది.

“మీరు తినెయ్యక్కా. మా గది గోల మీకెందుకు” అన్నాను.

“అదేంటి తమ్ముడూ? నేను మాత్రం వాటాదారుని కాదా? అందరికీ ఒకటే రూలు. అన్నయ్యగారు రానివ్వండి.”

“అక్కా, మీ మొఖం తెల్లగైంది. రెండు బుక్కలు తినుండ్రి, పాపం తగల్దు” అన్నాడు లెక్కలాయన.

“ఏం పర్లేదండీ.”

సార్ బాల్కనీ వైపు వెళ్లి భాయ్ భుజం మీద చెయ్యి వేశాడు. “ఏం చేద్దాం భాయ్, చెప్పు. నువ్వు కాదంటే కాదే. నేను ఆయనకు ఫోన్ చేసి ఇవ్వలేమని చెప్పేస్తా” అన్నాడు. నిజంగానే అన్నాడు. సార్ అలాంటివాడే. భాయ్ రోడ్డు వైపే చూస్తూ తల ఊపాడు. సార్ వచ్చి తన చోట కూర్చున్నాడు. కూర మీద మూత పెట్టాను. కింద రోడ్డు మీద సూట్‌కేసుల బేరం నడుస్తోంది, ఆ గొంతులన్నీ పైకి వస్తున్నాయి.

కాసేపటికి అక్క తల గోడకు వాలిపోయింది. నిద్రేమో అనుకున్నాం. నుదుటి మీద చెమట. చేతిలోని పెరుగు డబ్బా జారి సుఫ్రా మీద దొర్లింది. “అక్కా” అని లెక్కలాయన గట్టిగా పిలిచాడు. కళ్లు తెరిచి, “ఏం లేదండీ, కొంచెం కళ్లు తిరిగాయి” అంటూ నిటారుగా కూర్చోబోయింది. మళ్లీ గోడకే ఒరిగింది.

ఆ చప్పుడుకి భాయ్ వెనక్కి తిరిగాడు. చూశాడు. నేరుగా లోపలికి వచ్చి, ఆవిడ ఎదురుగా కాళ్లు మడిచి కూర్చున్నాడు. మూత తీశాడు. అన్నంలో పెరుగు పోసి కలిపి ఆవిడ వైపు జరిపి, తనొక ముద్ద ముందు నోట్లో పెట్టుకున్నాడు.

“తిను బిడ్డా. నేను కూర్చున్నా గద. తిను.”

అక్క తింది. నాలుగు ముద్దలు తినేసరికి ముఖంలోకి రంగు వచ్చింది. అప్పుడు తలెత్తి భాయ్‌ని చూసింది. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

“మీరు ఒప్పుకోరనుకున్నానన్నయ్యా. వదినగారి సంగతి తెలిసీ మిమ్మల్ని అడగడానికి నాకు నోరు రాలేదు. ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి. నేను మా పిల్లకి ఇప్పుడే చెప్పాలి.”

ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని, ఎడమచేత్తో ఫోన్ తీసింది. శుక్రవారాలు హాస్టల్ వార్డెన్ పిల్లకు ఫోన్ ఇస్తుందట. “నాన్నా, నిన్ను తెచ్చేసుకుంటున్నానే. అవునే, నిజంగానే. నీకు గది కూడా ఉంటుంది” అంటుంటే అవతల నుంచి పిల్ల కేక మాకందరికీ వినపడింది. లెక్కలాయన నవ్వాడు. సార్ నవ్వలేదు గాని పెద్దగా ఊపిరి వదిలాడు. భాయ్ పళ్లెంలోకి చూస్తూ అన్నం కలుపుతూనే ఉన్నాడు, కలిపినదాన్నే మళ్లీ కలుపుతూ.

తర్వాత ఆయన అజ్మాన్ వెళ్లడానికి మెట్లు దిగుతుంటే వెనకాలే పరిగెత్తాను.

“భాయ్, నిజంగానే ఒప్పుకున్నావా?”

“ఆ బిడ్డ పడిపోతాంది. తినల్ల గదరా. తినేకి కూర్చున్నా.”

“అట్లయితే నడువు పైకి. తినేకి కూర్చున్నా, అమ్మేకి కాదని చెప్పు. నేనూ చెప్తా. పేపర్లో ఇంగా సంతకాలు గూడా కాలే.”

“ఏమని చెప్తావబ్బీ? నేను గూడా తిన్నాక చెప్దామనే అనుకున్నా, ఇది వేరే అది వేరే అని. ఈలోగా ఆమె బిడ్డకు చెప్పేసింది. ఆ పిల్ల కేక యినపడ్లా నీకు? ఆడ గంతులేస్తాంటాది. ఇప్పుడు పోయి, లేదులే కూర్చోమ్మా అని చెప్పల్లనా?”

నేను మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాను.

“జరుగు. బస్సు పోతాది. ఆమె ఎదురుచూస్తాంటాది” అన్నాడు.

సార్‌తో మరునాడు నేనే చెప్పాను. సార్ వెంటనే భాయ్‌ని పిలిచి కూర్చోబెట్టి, మొగమాటం లేకుండా చెప్పమని, ఇంకా ఏమీ మించిపోలేదని ఎన్నో రకాలుగా అడిగాడు. “కూర్చున్నా గద సార్. కూర్చున్నాక ఏముంది” అన్నాడు భాయ్. నోటరీ ఆఫీసులో అందరం వరసగా సంతకాలు పెట్టాం. భాయ్ తెలుగులో, ఒక్కో అక్షరం ఆగి ఆగి, సీలింగ్‌లో క్లిప్పులు కొట్టినంత జాగ్రత్తగా పెట్టాడు. అక్కడి గుమాస్తా తొందరపెడుతుంటే కూడా చేయి కదపడంలో వేగం పెంచలేదు.

ఆయన వాటాతో పాటు సార్ తన వాటాలోంచి కూడా కొంత ఇచ్చాడని తర్వాత తెలిసింది. భాయ్ వద్దనలేదు, సంతోషించనూలేదు.

వదినకు ఆయన ఎలా చెప్పాడో నాకు తెలియదు. అది చెప్పిన శుక్రవారం నన్ను వెంట రావద్దన్నాడు. తర్వాతి శుక్రవారాలన్నీ ఒక్కడే వెళ్లాడు. నైఫ్ గది ఖాళీ చేస్తూ నేను తాడు విప్పి, పెట్టెలు కట్టడానికి వాడాను. కొత్త కంపెనీ మనుషులు వచ్చి సార్ పెట్టెను బబుల్ షీటులో చుట్టి తీసుకెళ్లారు. వైరు పీకగానే పచ్చ లైటు ఆరిపోయింది. సార్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

భాయ్ విమానం మంగళవారం. మేడం ఆ ఒక్క పూట కూడా వదినను వదల్లేదు. ఎయిర్‌పోర్టులో భాయ్ నా చొక్కా గుండీ ఒకటి ఊడితే పెట్టి, “నీ నోరు జాగర్త, సైటు ముదీర్లందరూ నాలాగా వినరు” అన్నాడు. లోపలికి వెళ్లాక వెనక్కి తిరిగి చూడలేదు. నేను మాత్రం ఆయన తిరుగుతాడేమోనని, తిరిగితే చేసి చూపించడానికి ఒక కోతి మొహం సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను. పక్కనున్న సెక్యూరిటీ మనిషి అది తనకోసమే అనుకుని, అక్కడి నుంచి కదలమన్నాడు.

అక్క కూతురు జూన్‌లో వచ్చింది. అజ్మాన్‌లోనే ఫ్లాటు. ఆ పిల్లకు దుబాయ్ అంటే ఇంత వేడిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదట, అలిగి కూర్చుంది. అక్క ముఖం మాత్రం పదేళ్లు వెనక్కి వెళ్లింది. భాయ్ తినడానికి మాత్రమే కూర్చున్నాడన్న సంగతి ఆవిడకు మేమెవరం చెప్పలేదు. భాయ్ చెప్పవద్దన్నాడు.

ఆయన వెళ్లాక వచ్చిన మొదటి శుక్రవారం నేను అజ్మాన్ బస్సెక్కాను. ఎవరూ వెళ్లమనలేదు. కార్నిష్ మీద వదిన అదే బెంచీ మీద, ఒక చివరకు జరిగి కూర్చుని ఉంది. రెండో చివర ఖాళీగా ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి ఇచ్చింది. అలవాటుగా రెయిలింగ్ వైపు నడవబోయి, అక్కడికెందుకు వెళ్లాలో తెలియక ఆగిపోయాను. బెంచీకి కాస్త దూరంలో గట్టు మీద కూర్చున్నాను.

ఆవిడ సముద్రం వైపు చూస్తోంది. ఊళ్లో భాయ్ ఎలా ఉన్నాడట అని అడిగితే, “ఉండాడంట” అంది. అంతే. నాకు మాటల్లేని చోట కూర్చోవడం ఎప్పుడూ చేతకాదు. చీమలు పాకినట్టుంటుంది. ఆవిణ్ని ఒక్కసారి నవ్విస్తే చాలుననిపించింది.

“ఏం వదినా, భాయ్ పోతే మాత్రం ఇంత దిగులా? ఇంగ శుక్రారం శుక్రారం నేనొస్తా గద. ఆయన ఒక మాట మాట్లాడేకాడ నేను వంద మాట్లాడతా. నీకు లాభమేగాని నష్టం యాడుంది?”

వదిన నావైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో.

“ఆయన యాడ మాట్లాడేటోడబ్బీ? వారమంతా ఆ ఇంట్లో నోరు మూసుకోనుండి, వచ్చి నేను మాట్లాడేదాన్ని. ఆయన యినేటోడు. అదేమన్నా వచ్చా నీకు?”